చెట్టు నిలిస్తేనే బొమ్మ

ప్రకృతి నుండి తీసుకున్న వస్తువులతో ఏది చేసినా ప్రకృతికి మేలే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం సగమే నిజం. తీసుకున్నదానిని తిరిగి పెంచినప్పుడే ఆ పని నాలుగు కాలాలపాటు సాగుతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మల చరిత్ర ఈ సంగతినే చెబుతుంది.

ఏటికొప్పాక ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న గ్రామం. అక్కడి కళాకారులు తరతరాలుగా అంకుడు కర్రతో బొమ్మలు చేస్తున్నారు. అంకుడు పెద్ద వృక్షం కాదు. దాని కర్ర తెల్లగా, మెత్తగా ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది. కర్రను బాగా ఆరబెట్టి, లేత్ యంత్రానికి బిగించి, అది గిరగిర తిరుగుతుండగా ఉలితో చెక్కి రూపం తెస్తారు. తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి బొమ్మ ఒంటికి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఆ లక్క కూడా చెట్లు, పురుగులు కలిసి ఇచ్చిన సొత్తే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై బతికే చిన్న పురుగులు దానిని స్రవిస్తాయి.

మొదట ఈ బొమ్మలకు చెట్టుచేమల నుండి తీసిన రంగులే వేసేవారు. కాలక్రమాన రసాయన రంగులు బజారులోకి వచ్చాయి. అవి చవక, శ్రమ తక్కువ. దానితో పాత రంగులు మూలపడ్డాయి. అయితే కొన్ని రసాయన రంగులలో సీసం వంటి హానికరమైన లోహాలు ఉంటాయి. పసిపిల్లలు బొమ్మను చూసి ఊరుకోరు, నోట్లో పెట్టుకుంటారు. రంగు విషయంలో ఏమరుపాటు పనికిరాదు.

ఆ ఊరికే చెందిన సి.వి. రాజు ఈ విషయాన్ని పట్టించుకున్నారు. కళాకారులతో కలిసి సహజమైన రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్ల తరబడి కృషి చేశారు. పసుపు కొమ్ముల నుండి పసుపుపచ్చ, నీలిమొక్క నుండి నీలం, జాఫ్రా గింజల నుండి నారింజ రంగు వస్తాయి. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ సిద్ధమవుతుంది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంపై ఈ బొమ్మలే కొలువుదీరాయి.

ఈ గౌరవాలన్నీ తగినవే. కాని గౌరవాలు కర్రను పుట్టించలేవు. రంగుల సమస్యకు దారి దొరికినా, అంకుడు కర్ర కొరత మాత్రం కళాకారులను చాలాకాలంగా బాధిస్తున్నది. దగ్గరలో చెట్లు తగ్గేకొద్దీ కర్ర కోసం దూరం పోవాలి. దూరం పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ఖర్చు పెరిగితే కొనేవారు తగ్గుతారు. అప్పుడు కళాకారుని కొడుకు ఉలి పక్కన పెట్టి వేరే పని వెతుక్కుంటాడు. చేతిలోని విద్య ఒక తరం ఆగితే మరల పుట్టడం కష్టం.

చెట్టును నరకడమే తప్పు, అందువల్ల కొయ్యబొమ్మలే వద్దు అని కొందరు వాదిస్తారు. ఈ వాదం సరికాదు. కొయ్యబొమ్మ వద్దనుకుంటే ఆ స్థానంలోకి ప్లాస్టిక్ బొమ్మ వస్తుంది. విరిగిన కొయ్యబొమ్మ మట్టిలో కలుస్తుంది. ప్లాస్టిక్ ముక్క ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. పైగా అంకుడు మొండి గుణం గల చెట్టు. నరికిన మోడు నుండి మళ్లీ చిగురిస్తుంది. అది ఎదిగే వ్యవధి ఇచ్చి, ఒక చోట కోస్తూ మరొక చోట నాటుతూ పోతే బొమ్మలకూ కొదువ ఉండదు, చెట్లకూ కొదువ ఉండదు. నరికే వేగం పెరిగే వేగాన్ని మించడమే అసలు తప్పు.

ఈ సమస్య ఒక్క ఏటికొప్పాకది కాదు. కృష్ణా తీరంలోని కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర కావాలి. కర్ణాటకలోని చన్నపట్నం లక్కబొమ్మలకు ఆధారం అంకుడు జాతి చెట్టే. కన్నడిగులు దానిని ఆలె మర అంటారు. భాష వేరైనా, పేరు వేరైనా, రెండు ఊళ్ల కళాకారులూ ఒకే చెట్టు నీడన బతుకుతున్నారు.

కాబట్టి ఈ కళను నిలిపే బాధ్యత కళాకారుల మీదనే వదిలివేయరాదు. అటవీ శాఖ ఈ చెట్లను ప్రత్యేకంగా పెంచాలి. పొలం గట్ల మీద, బంజరు నేలల్లో వీటిని నాటే రైతులకు ప్రోత్సాహం ఇవ్వాలి. బొమ్మ కొనేవారు బేరమాడే ముందు దాని వెనుక ఉన్న శ్రమను తలచుకోవాలి. ఆ ధరలో కొంత భాగం మొక్కలు పెంచడానికి చేరే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. పాఠశాల ఆవరణలో ఒక అంకుడు మొక్క నాటడం విద్యార్థులకు అసాధ్యమైన పని కాదు.

రైతు పంటంతా తినివేయడు. విత్తనాలు దాచి ఉంచుతాడు. కళకూ అదే నీతి వర్తిస్తుంది. నేటి బొమ్మ కోసం కోసిన కొమ్మకు బదులుగా రేపటి బొమ్మ కోసం ఒక మొక్క నేలలో ఉండాలి.