అల్లుడుగారి పడవ

సముద్రయానం చేసి వచ్చామని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "వాంతులయ్యాయా?" అని. నాకు కాలేదు. మా అమ్మకు అయ్యాయి. కథంతా అందులోంచే పుట్టింది.

మా బావ బార్సిలోనాలో వుద్యోగం చేస్తున్నాడు. తెరచాప పడవ నడపడం నేర్చుకుని, పరీక్ష ప్యాసై, అనుమతి పత్రం కూడా సంపాదించాడు. ఆ పత్రాన్ని మాకు చూపించడానికేనేమో, జూన్ నెలలో వారంరోజులకు నలభై అడుగుల పడవ ఒకటి అద్దెకు తీసుకుని, "రండి, మినోర్కా దీవిని చుట్టివద్దాం" అని కబురు పెట్టాడు. నేనూ, మా ఆవిడా, అమ్మా వెళ్లాం. బావ, అక్క, పదమూడేళ్ల మేనకోడలు సరేసరి.

మధ్యధరా సముద్రంలో స్పెయిన్ దేశానికి చెందిన బలియారిక్ దీవులున్నాయి కదా, వాటిలో తూర్పు కొసన వున్నది మినోర్కా. ఈ చివరినుంచి ఆ చివరికి యాభై కిలోమీటర్లయినా వుండదు. దీవి మొత్తంమీద ఎత్తయిన కొండ 358 మీటర్లు. మన తిరుమల కొండతో పోలిస్తే పసిపిల్ల. కాని దాని రేవు మాత్రం పెద్దది. తూర్పున మావో పట్టణం దగ్గర సముద్రం సుమారు అయిదు కిలోమీటర్లు లోపలికి చొచ్చుకు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ రేవు కోసమే ఇంగ్లీషువాళ్లూ, ఫ్రెంచివాళ్లూ, స్పెయిన్‌వాళ్లూ కొట్టుకు చచ్చారు. 1756లో దాన్ని ఫ్రెంచివాళ్లకు దక్కకుండా చేయలేకపోయాడని బింగ్ అనే నౌకాధిపతిని ఇంగ్లీషువాళ్లు విచారించి, మరుసటేడు ఓడమీదనే తుపాకులతో కాల్చి చంపారు. చేయవలసినంత ప్రయత్నం చేయలేదన్నది ఆయన నేరం. ఈ సంగతి బావే చెప్పాడు, చుక్కాని పట్టుకుని, చాలా గంభీరంగా.

మావోలో బయలుదేరి దక్షిణపు తీరం వెంట వెళ్లాం. అటువైపంతా తెల్లని సున్నపురాతి గట్లు, మధ్యమధ్య పైన్ చెట్లు దిగివచ్చిన ఇసుక తిన్నెలు. నీళ్లు ఎంత తేటగా వుంటాయంటే, పడవ నీడ అడుగున ఇసుకమీద కనిపిస్తుంది. లంగరు వేయడం మాత్రం పెద్ద తతంగం. అక్కడ సముద్రం అడుగున పొసిడోనియా అనే గడ్డి పెరుగుతుంది. నీళ్లను తేటపరిచేదీ, చేపపిల్లలను దాచేదీ అదే. దానిమీద లంగరు వేయకూడదని 2018లో అక్కడి ప్రభుత్వం శాసనం చేసింది. అందుకని నల్లగా కనిపించేచోట వదిలి, తెల్లగా కనిపించేచోట వెతుక్కుంటూ బావ పడవను గిరగిర తిప్పేవాడు. ఆ తిప్పుడుకే అమ్మ కడుపులో తిప్పేది. అక్క వూగే పొయ్యిమీద పులిహోర చేసింది. అమ్మ వాసన చూసి మొహం తిప్పుకుంది.

నాలుగోనాటి సాయంత్రం పడమటి కొసనున్న సియుతదెల్యా పట్టణం చేరాం. దాని రేవు ఒక కిలోమీటరు పొడుగున కాలవలా లోపలికి సాగి వుంటుంది. వెడల్పు వంద మీటర్లయినా లేదు. అమ్మ గట్టుమీద కాలు మోపి, "ఇక్కడ నేలకూడా వూగుతోందేమిటే?" అంది. ఆ రాత్రికి ఆమెకు హోటల్లో గది తీసుకున్నాం. చారన్నం దొరకకపోయినా, కదలని మంచం దొరికింది.

మర్నాడు పొద్దున్న రేవు వుద్యోగి వచ్చి చెప్పాడు: ఈ రాత్రి "రిసాగా" రావచ్చు, చిన్న పడవలు వెళ్లిపోతే మంచిదని.

రిసాగా అంటే ఏమిటో వినండి. తుపాను కాదు, భూకంపమూ కాదు. ఆఫ్రికా వైపునుంచి వేడిగాలి పైపైన వచ్చే రోజుల్లో, ఆకాశంలో గాలి వత్తిడి అలలు అలలుగా కదులుతుంది. ఆ అలల వేగమూ, కింద సముద్రంలో పొడవాటి అలల వేగమూ ఒకటైతే, పైది కిందిదాన్ని తోసుకుంటూ పోతుంది. బయట సముద్రంలో చూస్తే ఏమీ తెలియదు. సియుతదెల్యా రేవులాటి ఇరుకు పాయలోకి దూరాక, ఉయ్యాలను సరైన వేళకు వూపినట్టు, నీళ్లు పదేసి నిమిషాలకోసారి పొంగుతాయి, తీస్తాయి. 2006 జూన్ 15వ తేదీ రాత్రి ఆ రేవులో నీళ్లు ఒక్కసారిగా తీసేసి పడవలు అడుగు బురదమీద కూర్చున్నాయి. నీళ్లు తిరిగివచ్చినప్పుడు ఒకదానిమీద ఒకటి పడి పదులకొద్దీ విరిగిపోయాయి. నీటిమట్టంలో తేడా నాలుగు మీటర్లకు పైనే!

పొద్దుటి ఆకాశం మసకమసకగా వుంది. గాలి లేదు, వుక్క. పడవను ఉత్తరాన ఫోర్నెల్స్ అఖాతానికి తీసుకుపోవాలన్నాడు బావ. మేనకోడలు అప్పటికే లంగరు తాడు విప్పడానికి పరుగెత్తింది. ముడులు వేయడంలో మా అందరికన్నా దానికే చెయ్యి తిరిగింది.

అమ్మ తలుపు దగ్గర నుంచుంది. ఆమెది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19న దివిసీమ వుప్పెన వచ్చినప్పుడు అక్కడే వుంది, పెళ్లికాని పిల్ల. దాన్ని గురించి మాతో ఎప్పుడూ మాట్లాడదు. అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు అసలే లేదు.

"మీ బావగారితో చెప్పరా," అంది నాతో. "నీళ్లు వెనక్కి పోతాయంటే, పిల్లని ఆ పడవ ఎక్కించడానికి వీల్లేదు. పడవ పోతే పోయింది. ధర కట్టొచ్చు."

బావ నాలుగడుగుల దూరంలోనే వున్నాడు. "అత్తయ్యగారూ, పడవ నా పూచీమీద ఇచ్చారండీ. బయటికి వెళ్లిపోతేనే క్షేమం," అన్నాడు.

"వెళ్లమను. పిల్ల వుంటుంది."

మేనకోడలు ఏడ్చింది. అక్క కూతురివైపూ, తల్లివైపూ, మొగుడివైపూ చూసింది. చివరికి బావ, "సరేనండీ," అన్నాడు. బావా, అక్కా, నేనూ బయలుదేరాం. మా ఆవిడ అమ్మకూ, పిల్లకూ తోడుండిపోయింది. అయిదు రోజుల నావికుణ్ణి నేను, మేనకోడలి స్థానంలో!

గాలి లేదు, ఇంజనుతోనే వెళ్లాం. ఉత్తరపు తీరం వేరే దేశంలా వుంటుంది. చెట్టూ చేమా లేని ఎర్రరాళ్లూ, నల్లరాళ్లూ. చలికాలం ట్రాముంటానా అనే ఉత్తరపుగాలి ఆ రాళ్లను కొట్టి కొట్టి అలా చేసిందిట. కవలెరియా అగ్రంమీద 1857 నాటి దీపస్తంభం దాటి, పొద్దుండగానే ఫోర్నెల్స్ చేరాం. సన్నని ముఖద్వారం, లోపల విశాలమైన నీళ్లు. తాడు నేను కడితే అక్క విప్పి మళ్లీ కట్టింది.

ఆ రాత్రి ముగ్గురమూ పడుకోలేదు. గంటకోసారి ఫోను. ఏమీ కాలేదు! తెల్లారి మేనకోడలు ఫోనులో, "మామయ్యా, రేవు మెట్లు పైనుంచి లెక్కపెట్టాను. పదినిమిషాలకోసారి నీళ్లు ఒక మెట్టు ఎక్కాయి, ఒక మెట్టు దిగాయి. అంతే. దీనికోసం నన్ను దింపేశారు," అంది. బావ ఆ మాట విని మాట్లాడలేదు. కాఫీ కలుపుకున్నాడు.

అమ్మ మరి పడవ ఎక్కనంది. బస్సెక్కింది. మేము నాలుగు రోజులు పాకిన దీవిని అడ్డంగా ఒక్క గంటలో దాటేసి మావోలో దిగిపోయింది.

రెండోనాడు మేము నల్లపలక రాళ్ల ఫవారిచ్ అగ్రం చుట్టి మావో రేవులోకి వచ్చేసరికి, అమ్మ గట్టుమీద బల్లపై కూర్చుని వుంది. బావ తాడు విసిరాడు. మేనకోడలు అందుకుని, మాట్లాడకుండా, ముడి వేసింది. అమ్మ లేచి రెండడుగులు ముందుకు వచ్చి, పడవను ముందునుంచి వెనకదాకా చూసి, సూటిగా బావనే అడిగింది:

"దెబ్బేం తగల్లేదు కదా, నాయనా?"

పటంమీద మేనకోడలు మా ప్రయాణాన్ని ఎర్రసిరాతో గీసింది. సియుతదెల్యా నుంచి ఫోర్నెల్స్ దాకా మాత్రం ఖాళీగా వదిలేసింది. దానికి బదులు దీవి మధ్యగా బస్సుదారి గీసి పెట్టుకుంది.