ఉద్దానమునకు కావలసిన పరిశోధన

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములతో కూడిన ఉద్దానము కొబ్బరితోటలకును జీడితోటలకును పేరొందిన సీమ. ఇరువది యేండ్లకు మించి మూత్రపిండముల వ్యాధి ఆ సీమను పీడించుచున్నది. మధుమేహము, రక్తపుపోటు లేనివారును దీని వాత బడుచున్నారు. మూలకారణ మిదియని నేటికిని నిశ్చయముగా తేలలేదు.

2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలమునుండి వంశధార నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకమును ఆ దినముననే ప్రారంభింపబడెను. ఇవి హర్షింపదగిన పనులే. కాని భవనము వేరు, పరిశోధన వేరు.

ఈ వ్యాధి ఒక్క శాస్త్రమునకు లొంగునది కాదు. రక్తమును వైద్యుడు, బావినీటిని రసాయనజ్ఞుడు, నేలపొరలను భూగర్భశాస్త్రజ్ఞుడు, పురుగుమందులను వ్యవసాయశాస్త్రజ్ఞుడు పరీక్షింపవలెను. ఎండలో చెమటోడ్చు కూలివాని దినచర్య నెరిగినవాడును వారితో కూర్చుండవలెను. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తును, 2008లో స్థాపింపబడిన ఎచ్చెర్ల విశ్వవిద్యాలయమును చెంతనే యున్నవి. విద్వాంసులకు కొరత లేదు.

మరి చిక్కెచ్చట? అధ్యాపకుని పదోన్నతి తన శాఖవారి చేతిలో నుండును. పరశాఖవారితో కలసి చేసిన శ్రమ అచ్చట లెక్కకు రాదు. పత్రముపై మొదటి పేరెవరిది, నమూనాలెవరి యధీనమున నుండవలెననునది తగవు. గ్రాంటు రెండు మూడేండ్లకు ముగియును, వ్యాధి ముగియదు. పెద్ద వైద్యుని మాటకున్న విలువ, ఇంటింటి గుట్టు నెరిగిన ఆశా కార్యకర్త మాటకు లేదు.

నికరాగువా చెరకుతోటల కూలీలలో ఇట్టి వ్యాధియే ప్రబలగా, వైద్యులును శ్రమస్థితిగతుల నెరిగినవారును ఏకమై, పనివేళల నీడ, నీరు, విశ్రాంతి కల్పింపజేసి, ఫలితమును కొలిచిరి. మూత్రపిండముల హాని తగ్గుటను కనుగొనిరి. మూలకారణము పూర్తిగా తేలుదాక వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు.

కావున మేము కోరునవి మూడు. కేంద్రమునకు వేర్వేరు శాస్త్రముల పండితులతో స్వంత ఉద్యోగములుండవలెను. ఉమ్మడి కృషిని విశ్వవిద్యాలయములు పదోన్నతికి పరిగణింపవలెను. గ్రామప్రతినిధులకు పాలకమండలిలో స్థానమిచ్చి, ప్రతి పరీక్షాఫలితమును తెలుగున గ్రామసభలో చదివి వినిపింపవలెను. రక్తమిచ్చినవాడు ఈ వ్యవహారమున హక్కుదారుడు. అతనికి లెక్క చెప్పని శాస్త్రమును అతడేల నమ్మవలెను?