జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గం

జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గం తెలంగాణ రాష్ట్రంలో హైదరాబాదు జిల్లాకు చెందిన 15 శాసనసభ నియోజకవర్గాలలో ఒకటి. ఇది సికింద్రాబాదు లోక్‌సభ నియోజకవర్గంలో భాగము. నియోజకవర్గాల పునర్విభజనలో పాత ఖైరతాబాదు నియోజకవర్గాన్ని విడదీయగా ఏర్పడిన ఈ స్థానానికి తొలి ఎన్నిక 2009లో జరిగినది. అప్పటి నుంచి 2023 వరకు నాలుగు సాధారణ ఎన్నికలు, 2025 నవంబరులో ఒక ఉప ఎన్నిక జరిగినవి. ఈ ఐదు ఎన్నికలలో కాంగ్రెస్ రెండు పర్యాయాలు, తెలుగుదేశం ఒకసారి, తెలంగాణ రాష్ట్ర సమితి (2022 నుంచి భారత రాష్ట్ర సమితి) రెండు పర్యాయాలు విజయం సాధించినవి.

పేరు, పరిధి

నియోజకవర్గం పేరు వినగానే సినీ ప్రముఖుల భవనాలు, కొండరాళ్ళ నడుమ విశాలమైన బంగళాలు స్ఫురిస్తాయి. కాని ఆ పేరుగల సంపన్నుల కాలనీలో అధిక భాగం ఈ నియోజకవర్గంలో లేదు. నగరపాలక సంస్థకు చెందిన జూబ్లీహిల్స్ డివిజను, దాని పొరుగున ఉన్న బంజారాహిల్స్ ఖైరతాబాదు నియోజకవర్గంలోకి వెళ్ళినవి. 2025 ఉప ఎన్నిక నాటి డివిజన్ల ప్రకారం షేక్‌పేట, యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, వెంగళరావునగర్, ఎర్రగడ్డ, సోమాజీగూడలో కొంత భాగం ఈ నియోజకవర్గ పరిధిలోకి వస్తాయి. రహమత్‌నగర్, బోరబండలలో దినకూలీల బస్తీలు, ఎర్రగడ్డలో చిరువ్యాపారులు, వెంగళరావునగర్‌లో మధ్యతరగతి ఉద్యోగుల ఇళ్ళు అధికం. యూసుఫ్‌గూడను ఆనుకొని ఉన్న కృష్ణానగర్ తెలుగు చలనచిత్ర పరిశ్రమలో పనిచేసే కార్మికులకు, జూనియర్ ఆర్టిస్టులకు నివాసస్థానము. సినిమా తారలు కొండ మీద, సినిమా కార్మికులు కొండ కింద అన్నట్లుగా ఉన్న ఈ విభజనలో కొండ కింది భాగానికే నియోజకవర్గపు పేరు దక్కింది. ముస్లిం ఓటర్లు మొత్తంలో సుమారు నాలుగో వంతు ఉంటారని పార్టీలు, పత్రికలు అంచనా వేస్తుంటాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవారు కూడా చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నారు.

ఖైరతాబాదు వారసత్వం

ఈ ప్రాంతపు ఓటింగు తీరును అర్థం చేసుకొనుటకు పాత ఖైరతాబాదు చరిత్ర అవసరం. ఓటర్ల సంఖ్య దృష్ట్యా ఉమ్మడి రాష్ట్రంలోని అతిపెద్ద నియోజకవర్గాలలో అది ఒకటి. కార్మిక నాయకుడైన పి.జనార్ధన్ రెడ్డి అక్కడి నుంచి 1978, 1985, 1989, 1994, 2004లలో మొత్తం ఐదు పర్యాయాలు కాంగ్రెస్ తరఫున ఎన్నికైనాడు. తెలుగుదేశం ప్రభంజనం వీచిన 1983లోను, మళ్ళీ 1999లోను మాత్రం ఓటమి పొందినాడు. 1999లో అతనిని ఓడించినది సి.బి.ఐ. మాజీ డైరెక్టరు కె.విజయరామారావు. సంపన్నులు, ఉద్యోగులు ఒక వైపు, బస్తీలు మరొక వైపు ఉండిన నియోజకవర్గంలో జనార్ధన్ రెడ్డి బలమంతా బస్తీలలోనే ఉండేది. 2007 డిసెంబరు 28న అతను మరణించగా, 2008లో జరిగిన ఉప ఎన్నికలో కుమారుడు పి.విష్ణువర్ధన్ రెడ్డి విజయం సాధించినాడు.

2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజనలో హైదరాబాదు జిల్లా స్థానాలు 13 నుంచి 15కు పెరిగినవి. తండ్రి బలం ఉన్న బస్తీలు అధికంగా కొత్త నియోజకవర్గంలోకి రావడంతో విష్ణువర్ధన్ రెడ్డి 2009లో జూబ్లీహిల్స్‌ను ఎంచుకొని గెలుపొందినాడు. ఖైరతాబాదు నుంచి దానం నాగేందర్ కాంగ్రెస్ తరఫున ఎన్నికైనాడు.

2014 నుంచి 2023 వరకు

2014 ఎన్నికలు రాష్ట్ర విభజన నిర్ణయం తరువాత, తెలంగాణ అధికారికంగా ఏర్పడుటకు కొద్ది వారాల ముందు జరిగినవి. రాష్ట్రమంతటా తె.రా.స. గాలి వీచినప్పటికీ నగరంలో దాని ప్రభావం పరిమితం. ఇక్కడ భారతీయ జనతా పార్టీతో పొత్తు పెట్టుకున్న తెలుగుదేశం అభ్యర్థి, చిత్ర నిర్మాత మాగంటి గోపీనాథ్ తన సమీప ప్రత్యర్థి, మజ్లిస్ పార్టీకి చెందిన వి.నవీన్ యాదవ్‌పై 9,242 ఓట్ల ఆధిక్యతతో గెలుపొందినాడు. విష్ణువర్ధన్ రెడ్డి మూడవ స్థానానికి పడిపోయినాడు. మజ్లిస్ ఒక హిందూ వెనుకబడిన తరగతుల అభ్యర్థిని నిలిపి రెండవ స్థానం పొందడం ఆ ఎన్నికలో విశేషం.

తరువాత గోపీనాథ్ తె.రా.స.లో చేరి, 2018లో ఆ పార్టీ అభ్యర్థిగా విష్ణువర్ధన్ రెడ్డిపై 16,004 ఓట్ల ఆధిక్యత సాధించినాడు. నవీన్ యాదవ్ ఈసారి స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి ఓడిపోయినాడు. 2023లో కాంగ్రెస్ టికెట్టు భారత క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్‌కు లభించగా, విష్ణువర్ధన్ రెడ్డి బి.ఆర్.ఎస్.లో చేరినాడు. ఆ ఎన్నికలో గోపీనాథ్‌కు 80,549, అజారుద్దీన్‌కు 64,212 ఓట్లు వచ్చినవి. రాష్ట్రంలో 64 స్థానాలతో అధికారం చేపట్టిన కాంగ్రెస్‌కు హైదరాబాదు జిల్లాలో ఒక్క స్థానం కూడా రాలేదు. 2025 ఉప ఎన్నికకు అంతటి ప్రాధాన్యత రావడానికి ప్రధాన కారణం ఇదే.

2025 ఉప ఎన్నిక

గోపీనాథ్ 2025 జూన్ 8న మరణించడంతో నవంబరు 11న ఉప ఎన్నిక జరిగినది. బి.ఆర్.ఎస్. అతని భార్య మాగంటి సునీతను, కాంగ్రెస్ నవీన్ యాదవ్‌ను, భా.జ.పా. లంకల దీపక్ రెడ్డిని నిలిపినవి. మజ్లిస్ పోటీ చేయక కాంగ్రెస్‌కు మద్దతు ప్రకటించింది. బరిలో మొత్తం 58 మంది మిగిలినందున పోలింగు కేంద్రాలలో నాలుగేసి బ్యాలెట్ యూనిట్లు అమర్చవలసి వచ్చినది. ప్రచారం ముమ్మరంగా సాగుతుండగా, అక్టోబరు 31న అజారుద్దీన్ రాష్ట్ర మంత్రిగా ప్రమాణస్వీకారం చేయడం వివాదమైనది. బి.ఆర్.ఎస్. హైడ్రా కూల్చివేతలను, నెరవేరని హామీలను ప్రచారాంశాలుగా చేసుకొనగా, కాంగ్రెస్ సన్నబియ్యం, 200 యూనిట్ల ఉచిత విద్యుత్తు, కొత్త రేషను కార్డులను చూపినది.

నవంబరు 14న వెలువడిన ఫలితంలో నవీన్ యాదవ్ 98,988, సునీత 74,259, దీపక్ రెడ్డి 17,061 ఓట్లు పొందినారు. ఆధిక్యత 24,729. ఈ అంకెలను 2023 అంకెలతో పోల్చినపుడు బి.ఆర్.ఎస్. పతనమైనదన్న వ్యాఖ్య పూర్తిగా నిలవదు. ఆ పార్టీ కోల్పోయినది 6,290 ఓట్లు మాత్రమే. కాంగ్రెస్‌కు అదనంగా వచ్చినవి 34,776. భా.జ.పా. 25,866 నుంచి దిగజారి ధరావతు కోల్పోయింది, అంటే 8,805 ఓట్ల నష్టం. 2023లో మజ్లిస్ పొందిన 7,848 ఓట్లు ఈసారి ఖాళీగా ఉన్నవి. ఈ మూడింటినీ కలిపినా 22,943 మాత్రమే అవుతున్నది. మిగిలిన సుమారు 12 వేలు చిన్న అభ్యర్థుల నుంచి, కొత్తగా ఓటు వేసినవారి నుంచి వచ్చి ఉండాలి. ఏ ఓటు ఎటు మారినదో అంకెలు చెప్పలేవు గాని, బి.ఆర్.ఎస్. కోటను బద్దలు కొట్టడం కంటె ఇతర ఓట్లను ఒకచోట చేర్చడమే కాంగ్రెస్ విజయానికి మూలమని చెప్పవచ్చును. 2024 లోక్‌సభ ఎన్నికలలోనే ఈ శాసనసభ విభాగంలో కాంగ్రెస్ ముందంజలో ఉండి, బి.ఆర్.ఎస్. మూడవ స్థానంలో నిలిచినది. ఆ దృష్టితో చూసినపుడు ఉప ఎన్నికలో ఆ పార్టీ కొంత కోలుకున్నదనే అనవలెను.

సానుభూతి ప్రభావం

మరణించిన సభ్యుని కుటుంబానికి ఓటర్లు పట్టం కడతారన్న నమ్మకం పార్టీలలో బలంగా ఉన్నది. తెలంగాణ అనుభవం దీనిని బలపరచడం లేదు. 2016లో నారాయణఖేడ్, పాలేరులలో మరణించిన కాంగ్రెస్ సభ్యుల కుటుంబీకులు అధికార తె.రా.స. చేతిలో ఓడిపోయినారు. 2024లో సికింద్రాబాదు కంటోన్మెంటులో లాస్య నందిత మరణానంతరం ఆమె సోదరి ఓడిపోగా, ఆ స్థానం అధికార కాంగ్రెస్‌కు దక్కినది. 2021లో నాగార్జునసాగర్‌లో నోముల నర్సింహయ్య కుమారుడు భగత్ గెలుపొందినాడు, కాని అప్పుడు అధికారంలో ఉన్నది అతని పార్టీయే. 2020లో దుబ్బాకలో అధికార పక్షానికి చెందిన దివంగత సభ్యుని భార్య సైతం ఓటమి చెందినది. 2008లో ఖైరతాబాదులో విష్ణువర్ధన్ రెడ్డి గెలిచినప్పుడు కూడా రాష్ట్రంలో కాంగ్రెస్సే అధికారంలో ఉండినది.

పోలింగు శాతం

నియోజకవర్గంలో 2025 నాటికి సుమారు 4.01 లక్షల ఓటర్లు ఉండగా పోలైనది 48.49 శాతం. రాష్ట్రవ్యాప్తంగా 71 శాతానికి పైగా పోలైన 2023లో కూడా ఇక్కడ సగానికి తక్కువే నమోదైనది. ఓటర్ల నిరాసక్తత ఒక కారణమైనా అదొక్కటే కాదు. అద్దె ఇళ్ళు మారే కుటుంబాల పేర్లు పాత చిరునామాలలోనే మిగిలిపోవడం, స్వగ్రామంలోను నగరంలోను రెండుచోట్ల నమోదు కావడం వంటి జాబితా లోపాలు కూడా శాతాన్ని తగ్గిస్తాయి. ఉప ఎన్నికకు ముందు జాబితాలో బోగస్ ఓట్లున్నవని బి.ఆర్.ఎస్. ఆరోపించి హైకోర్టును ఆశ్రయించినది. పోలైన ఓట్లలో సగానికి పైగా పొందిన నవీన్ యాదవ్‌కు, జాబితాలోని మొత్తం ఓటర్లతో పోల్చినపుడు లభించినది నాలుగో వంతు కంటె కొంచెం తక్కువ.