చీలమండకు పట్టీ: ఎంతవరకు రక్ష?

చీలమండకు టేపు చుట్టి ఆడితే కాలు బెణకదా, చుట్టినందువల్ల ఆ భారమంతా మోకాలిపై పడదా అని ఆటలాడే పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతున్నారు. రెండు సందేహాలూ సమంజసమైనవే.

కబడ్డీలో గాని, వాలీబాల్‌లో గాని ఎగిరి దిగేటప్పుడు అరికాలు లోపలికి మడతపడితే, చీలమండ వెలుపలి వైపు ఎముకలను కట్టి ఉంచే స్నాయువులు సాగుతాయి, ఒక్కొక్కప్పుడు తెగుతాయి. సుశ్రుతుడు గుల్ఫాన్ని రుజాకర మర్మంగా పేర్కొని, దానికి దెబ్బ తగిలితే నొప్పి, పాదం బిగుసుకొనిపోవడం, కుంటితనం కలుగుతాయన్నాడు. సంధులకు స్వస్తికబంధాన్ని విధించినదీ ఆయనే. నేటి క్రీడావైద్యులు ఎనిమిది అంకె ఆకారంలో చుట్టే కట్టు దానికి దగ్గరి చుట్టమే.

టేపు పాదం పక్కకు మడతపడడాన్ని అరికడుతుంది. అయితే అరగంట ఆడేసరికి దాని బిగువు చాలావరకు సడలుతుంది. పాదం పైకీ కిందికీ వంగడం కూడా కొంత తగ్గుతుంది కనుక, దిగేటప్పటి అదురులో కొంత భాగం మోకాలికి చేరవచ్చుననే తర్కం కొట్టివేయదగినది కాదు. కాని అమెరికాలో 1,460 మంది పాఠశాల బాస్కెట్‌బాల్ క్రీడాకారులపై జరిపి 2011లో ప్రచురించిన పరిశీలనలో, లేసులతో బిగించే చీలమండ తొడుగు ధరించినవారికి చీలమండ గాయాలు మూడవ వంతుకు తగ్గాయి. మోకాలి గాయాలలో చెప్పుకోదగిన తేడా లేదు. అది టేపు కాదు, తొడుగు. అయినా మోకాలి భయాన్ని కొంత తగ్గించే ఫలితమే.

ఒకసారి బెణికిన కాలు మళ్ళీ బెణుకుతుంది. అటువంటివారు పట్టీ వేసుకొని ఆడడం మంచిదే. నా అభ్యంతరమల్లా వాపు తగ్గకముందే పట్టీ బిగించి, “ఈ ఒక్క మ్యాచీ ఆడేయ్” అని పిల్లవాణ్ణి మైదానంలోకి తోయడానికే. పతకం కోసం పెద్దలు చేసే ఈ తొందరకు వైద్యమని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు.

బెణికిన తొలి రెండు రోజులు నూనె మర్దన వద్దు. మా వైద్యులలోనే కొందరికి ఈ మాట రుచించదు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. నొప్పి తగ్గిన పిమ్మట ప్రతిదినం పళ్ళు తోముకొనేటప్పుడు గోడ పక్కన ఒంటికాలిపై నిలబడే అభ్యాసం చేయించండి. పట్టీ కింద వేళ్ళు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా ఆట మధ్యలోనైనా సరే, వెంటనే విప్పివేయండి.