ఇద్దరా, ముగ్గురా?

కొన్నేళ్ల కిందట జమ్మలమడుగులో ఒక మగ్గం ఇంట్లో కూర్చుని సర్వే ఫారం నింపుతున్నాను. "పిల్లలెంతమంది?" అని అడిగాను. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న ఆమె చెయ్యి ఆపకుండానే "ముగ్గురు" అంది. గుంటమగ్గంలో కూర్చున్న భర్త నాడె ఆపాడు. "ఇద్దరే రాసుకోండి మేడం. చచ్చిపోయిన పాపను గూడా కలిపి చెప్తాంది" అన్నాడు. కటువుగా అనలేదు, గొంతు తగ్గించే అన్నాడు. ఆమె రాట్నం ఆపింది. "నేను కన్నది ముగ్గుర్ని గదా" అంది.

నా ఫారంలో రెండు గడులున్నాయి. పుట్టిన పిల్లలు, బతికి ఉన్న పిల్లలు. మొదటి గడిలో 3, రెండో గడిలో 2 అని వేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. ఆ ప్రశ్న మరుగుదొడ్డి గురించి.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో కూర్చున్నాక నాకు సిగ్గేసింది. స్త్రీల గొంతు వినాలని ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్నదాన్ని. ఒక స్త్రీ తన జీవితంలోని అతి పెద్ద సంగతిని ఒకే మాటలో చెబితే, దాన్నొక అంకెగా మార్చి పక్క గడికి జరిగిపోయాను. మర్నాడు ఫారం లేకుండా మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను.

ఆమె చావు గురించి చెప్పలేదు. పాప బతికిన రోజుల గురించి చెప్పింది. పాప కండెల బుట్టలో కూర్చునేదట. తెగిన రంగు దారాలు మెడలో వేసుకుని పెళ్లికూతుర్నని తిరిగేదట. నాడె చప్పుడు వింటూ నిద్రపోయి, అది ఆగితే లేచి కూర్చునేదట. సంగటి ముద్దలో గుంత చేసి పప్పు పోస్తే "బాయి, బాయి" అని వేలు ముంచేదట. జేజి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంటే పెద్దపిల్లలిద్దరూ చిన్నప్పుడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చారు గానీ ఇది మాత్రం నవ్వేదట. ఆదివారాలు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని పెన్న దాకా పోయి, ఇసకలో చెలమ తవ్వి, నీళ్లూరితే చప్పట్లు కొట్టేదట. ఈ సైకిలు సంగతి చెప్పింది ఆమె కాదు. తల ఎత్తకుండా, మగ్గంలోంచి అతను చెప్పాడు.

పాపకు రెండున్నరేళ్లు. పండక్కి ముందు చీర దించి ఇవ్వాలి. ఆమె కండెలు అందిస్తోంది, అతను నేస్తున్నాడు, జేజి పక్కింటికి పోయింది. కుళాయి రోజూ రాదు గనక పెరట్లో తొట్టి నిండుగా ఉంది. అంతే.

"తల్లి కన్ను ఏమారింది" అని ఊరు తీర్పు చెప్పింది. నాలుగడుగుల దూరంలో కూర్చున్న తండ్రి కన్ను ఏమారలేదు. నీళ్లు నాలుగు రోజులకొకసారి వదిలేవాళ్ల కన్ను ఏమారలేదు. నేత కూలిని ఇద్దరూ పొద్దుగూకులూ పనిచేస్తే తప్ప గడవని స్థితిలో ఉంచిన వ్యాపారి కన్ను ఏమారలేదు. ఏమారిన కన్ను ఒక్క తల్లిదే! ఆ తీర్పును మిగతా అందరికంటే గట్టిగా నమ్మింది ఆమే. "ఆ కండె చుట్టకపోయుంటే" అని నాతో మూడుసార్లు అంది.

ఇది ఒక్క ఇంటి దురదృష్టం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ల లోపు పిల్లలు. ఈ చావులు ఆపడానికి ఆ సంస్థ సూచించిన ఉపాయాల్లో ఒకటి, బడికి పోయే వయసు రాని పిల్లలను పగటిపూట చూసుకునే చోటు ఊరూరా ఏర్పాటు చేయడం. తల్లి జాగ్రత్తగా ఉండాలని ఉపదేశించి వదిలెయ్యలేదు. అమ్మ పనిలో ఉన్నప్పుడు బిడ్డ ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు జవాబు చెప్పింది.

మన దగ్గర ఆ జవాబు ఎంతవరకు ఉంది? 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. అంగన్‌వాడీలు వచ్చాయి. వాటి మేలు తక్కువ కాదు. అయితే అక్కడ కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. అంతకంటే చిన్నవాళ్లకు తిండి ఇంటికి వస్తుంది, బిడ్డ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ శిశుసంరక్షణ కేంద్రం తప్పనిసరి అన్నది 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలకే. ఇద్దరు పనిచేసే మగ్గం ఇంటికి అది వర్తించదు. కళ్లంలో చెనిక్కాయలు వొలిచే ఆమెకూ వర్తించదు. చేనేత గణనల్లో నేసేవాళ్లను ఒక వరసలో, అనుబంధ పనివాళ్లను ఇంకో వరసలో రాస్తారు. కండెలు చుట్టే స్త్రీలు ఆ రెండో వరసలో ఉంటారు. చుడుతూ చుడుతూ బిడ్డను చూసుకునే పని ఏ వరసలోనూ ఉండదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం మాత్రం ఒక మంచి మాట చెప్పింది. పనిచోట ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకంటే ఎక్కువో ఉంటే, వాళ్లను చూడటానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలంది. బిడ్డను చూడటం పని అనీ, ఆ పనికి కూలి ఉంటుందనీ చట్టం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది.

పిల్లల చావులు తగ్గాయి. కాదనడం లేదు. 1971లో దేశంలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు 129 మంది శిశువులు ఏడాది నిండకుండా చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి, ఆంధ్రప్రదేశ్‌లో 24కి దిగింది. ఈ తగ్గుదల వెనక టీకాలున్నాయి, మంత్రసానులు, నర్సులు, ఆశా కార్యకర్తల శ్రమ ఉంది. కానీ చావులు అరుదైనకొద్దీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒంటరిదవుతోంది. మా అవ్వ కాలంలో వీధిలో ప్రతి ఇంటికీ అలాంటి కథ ఒకటుండేది. ఒకరి దుఃఖం ఒకరికి తెలుసు. ఇవాళ ఆమెను చూసి వీధి పక్కకు తప్పుకుంటుంది, లేదా తప్పెక్కడ జరిగిందో వెతుకుతుంది.

మా అవ్వ మాట వచ్చింది గనక నా సంగతి ఒకటి చెప్పాలి. నన్ను ఇంట్లో 'పెంటమ్మ' అని పిలిచేది ఆమె ఒక్కతే. నాకంటే ముందు పుట్టిన మా అన్న పదకొండు నెలలకు జ్వరంతో పోయాడు. నేను పుట్టగానే అవ్వ నన్ను చాటలో పెట్టి పెంటకుప్ప మీద పెట్టించింది. పక్కింటామె 'దొరికింది' అని ఎత్తుకొస్తే గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంది. మనూళ్లలో ఉన్న పెంటయ్యలు, పుల్లయ్యలు, తవిటమ్మలు, పిచ్చమ్మలు చాలామంది ఇలా పేరు తెచ్చుకున్నవాళ్లే. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు వదిలేస్తుందన్న ఆశతో పెట్టిన పేర్లవి. చదువుకునే రోజుల్లో ఆ పేరుకు నేను సిగ్గుపడ్డాను. ఎం.ఏ.లో ఈ ఆచారాన్ని 'మూఢనమ్మకాలు' అనే శీర్షిక కింద నోట్సు రాసుకున్నాను. అందులో మూఢత్వం ఉంది నిజమే. కానీ బతికిన బిడ్డ పేరులో చనిపోయిన బిడ్డ జ్ఞాపకం కూడా ఉందని అప్పుడు నాకు తోచలేదు. ఏ రిజిస్టరులోనూ ఎక్కని మా అన్న నా ముద్దుపేరులో ఉన్నాడు. మా అమ్మ మాత్రం ఒక్కరోజూ నన్ను ఆ పేరుతో పిలవలేదు. పెద్దయ్యాక ఎందుకని అడిగితే, "అట్ల పిలిస్తే వాడు గుర్తొస్తాడు" అంది. అంతకు మించి వాడి గురించి మా అమ్మ నాతో మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

ఎందుకు అడగం మనం? రిజిస్టరు అడగదు సరే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మృతశిశువు పుట్టినా అది జననమే, నమోదు చేయాలి. ఇంట్లో జరిగితే ఎవరు చెప్పాలి? ఇంటి యజమాని, అతను లేకుంటే అతని దగ్గరి బంధువు, ఎవరూ లేకుంటే ఇంట్లో ఉన్న వయసులో పెద్ద మగమనిషి అని ఆనాడు రాశారు. కన్నతల్లి అనే మాట ఆ వరసలో లేదు. కుటుంబ నియంత్రణా అడగదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్లలో ఒక శాతం కూడా లేరు. మన దగ్గర పాతికేళ్లు నిండకుండానే ఈ ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఎంతోమంది. ఆ తర్వాత బిడ్డ పోతే? జమ్మలమడుగులో ఆమెకు అలాగే జరిగింది. "ఇద్దరున్నారు గదా, ఇంకేం" అని ఒకరు, "ఆపరేషన్ తొందరపడి చేయించుకుంటివి" అని ఇంకొకరు. ఒక బిడ్డ స్థానంలో ఇంకో బిడ్డ సరిపోతుందన్నట్టే ఇద్దరి మాటలూ! ఇక సెలవు. గర్భం పోయిన స్త్రీకి జీతంతో ఆరువారాల సెలవు 1961 చట్టంలోనే ఉంది, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది. రోజుకూలి చేసేవాళ్లకు అది కాగితం మీది మాట. మా ఆమె పదకొండో రోజుకు రాట్నం ముందు కూర్చుంది.

మరి ఉద్యమంలో ఉన్న మనం ఎందుకు అడగలేదు? నిజాయితీగా ఆలోచిద్దాం. పులివెందుల, జమ్మలమడుగు అంటే పత్రికలకు ఫ్యాక్షన్ గుర్తొస్తుంది. కొడుకుల్ని, భర్తల్ని కక్షలకు పోగొట్టుకున్న స్త్రీల గురించి మనమూ రాశాం, రాయవలసిందే. కట్నం చావుల మీద ఊరేగింపులు తీశాం. ఆ చావుల్లో దోషి కనబడతాడు, నినాదం దొరుకుతుంది. తొట్టిలో పడి పోయిన బిడ్డ చావులో దోషి కనబడడు, అందుకే తల్లిని నిలబెడతారు. మనకింకో భయం కూడా ఉంది. మాతృత్వాన్ని పొగిడి పొగిడి ఆడదాన్ని ఇంట్లో కూర్చోబెట్టిన సమాజం ఇది. మనం కూడా తల్లి దుఃఖం గురించి మాట్లాడితే, ఆ పొగడ్తకే వంత పాడినట్టవుతుందేమోనని వెనకాడాం. కానీ తల్లిని దేవత అన్నవాళ్లే బిడ్డకు ఏమన్నా అయితే ఆమెను దోషి అంటున్నారు. ఈ రెండు మాటలూ వాళ్లకే వదిలేస్తే, ఆ తల్లి చెప్పే మూడో మాటకు చోటెక్కడ?

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణా సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తుపాకుల గురించి, దళాల గురించి మాత్రమే చెప్పలేదు. అడవిలో కన్న పిల్లల గురించి, పోగొట్టుకున్న, వదులుకోవలసి వచ్చిన పిల్లల గురించి కూడా చెప్పారు. అడిగి కూర్చున్నవాళ్లుంటే ఆ మాటలు వస్తాయని మన ముందుతరం చూపించింది. మనం ఆ పద్ధతిని చర్చల్లో మెచ్చుకుని, క్షేత్రంలో ఫారాలు పట్టుకుని తిరుగుతున్నాం.

అందుకే ఈ సంచిక నుంచి కొన్ని పనులు పెట్టుకుందాం. మూడేళ్ల లోపు పిల్లలకు పగటిపూట చోటు కావాలని, మగ్గాల వీధుల్లో, కూలీల వాడల్లో అంగన్‌వాడీలను ఆ మేరకు పెంచాలని, ఆ పని చేసేవాళ్లకు గౌరవవేతనం పేరుతో కాకుండా సరైన జీతం ఇవ్వాలని అడుగుదాం. అది పిల్లల ప్రాణాలకు సంబంధించిన డిమాండు, తల్లుల కూలికి సంబంధించిన డిమాండు కూడా. తొట్లకు మూతలు, రోజూ నీళ్లు, ఇవి పంచాయతీ, మునిసిపాలిటీల ముందు పెట్టవలసిన స్త్రీల సమస్యలు. బిడ్డ పోయిన ఇంటికి మన కార్యకర్త వెళ్లినప్పుడు "ఎట్లా జరిగింది?" అని మొదలుపెట్టకుండా "పాప పేరేంటి?" అని అడగాలి. తండ్రిని కూడా అడగాలి. మగ్గంలో తల దించుకుని కూర్చున్న మనిషి చెప్పుకోవలసిందీ ఉంది. సర్వేలు చేసే నాబోటి వాళ్లం రెండు గడుల మధ్య కాస్త ఆగడం నేర్చుకోవాలి.

ఇలాంటి అనుభవాలు మాకు రాయండి. రాయలేనివాళ్ల మాటలు విని మీరు రాసి పంపండి. పేర్లు బయటపెట్టం. వచ్చే సంచికలో కొన్ని పేజీలు వాటి కోసమే ఉంచుతున్నాం.

ఈ వాక్యాలు రాసే ముందు మా అమ్మకు ఫోన్ చేశాను. అన్న ఎట్లా ఉండేవాడని నలభై ఏళ్లు దాటాక మొదటిసారి అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బొరుగులంటే పిచ్చి వాడికి" అని మొదలుపెట్టింది.