దండ వేసిన తరువాత



జూలై 31 వస్తుందంటే మన లూథరన్ సంఘాలలో సందడి మొదలవుతుంది. 1842లో ఆ తేదీనే ఫాదర్ హేయర్ గారు గుంటూరులో అడుగుపెట్టారు. ఆ దినమున ఆయన పటానికి దండ వేస్తాము, పిల్లలచేత ఆయన చరిత్ర చెప్పిస్తాము, ప్రేమవిందు చేసుకుంటాము. మంచిదే. వాక్యము బోధించిన నాయకులను మరువవద్దని హెబ్రీ పత్రిక 13:7 కూడా మనకు చెబుతున్నది. అయితే ఆ వచనము అక్కడ ఆగదు, వారి విశ్వాసమును అనుసరించమంటుంది. మన జ్ఞాపకము మాత్రము మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నదని మా అభిప్రాయము.

ఆయన జీవితము చూడండి. 1793లో జర్మనీలో పుట్టి, అమెరికాలో చాలా ఏండ్లు సేవ చేసి, భార్యను పోగొట్టుకొని, 49 ఏండ్ల వయసులో మన దేశము వచ్చారు. కొంతకాలానికి అమెరికా తిరిగి వెళ్లినప్పుడు ఖాళీగా కూర్చోలేదు. బాల్టిమోరులో వైద్యము చదివి 1847లో పట్టా పుచ్చుకున్నారు. మళ్లీ వచ్చాక, కలెక్టరు స్టోక్స్ దొరగారి అండ ఉన్న గుంటూరులోనే హాయిగా ఉండవచ్చు. కానీ 1849లో మన పల్నాటి గురజాలకు కాపురము మార్చారు. నేడు మంచి రోడ్డు, బస్సు ఉండి కూడా ఎండాకాలములో పేట నుండి గురజాల పోవాలంటే మనము రెండుసార్లు ఆలోచిస్తాము!

1857లో ఆయన అమెరికా వెళ్లిపోయారు. తరువాత అక్కడ అంతర్యుద్ధము వచ్చింది. మనుషులు, డబ్బు రావడము తగ్గింది. ఒక దశలో గుంటూరు మిషనుకు అనంగ్‌స్ట్ దొరగారు ఒక్కరే మిగిలారు. ఒక్క మనిషి ప్రతి పల్లెకు, ప్రతి గుడిసెకు వెళ్లగలడా? మరి దీపము ఆరకుండా చూసినదెవరు? వాడలలో పగలు కూలికి పోయి, రాత్రి ప్రార్థనకు కూడుకున్న మన ముత్తాతలు, ముత్తవ్వలు, పల్లె పంతుళ్లు. వారి పటములు మన దగ్గర లేవు. చాలామందికి వారి పేర్లు కూడా తెలియవు.

హేయర్ గారు మూడవసారి 1869లో వచ్చారు. అప్పటికి 76 ఏండ్లు. రాజమండ్రి ప్రాంతపు పరిచర్య వేరే మిషను చేతికి పోబోతున్నదని విని, దానిని నిలబెట్టడానికి బయలుదేరారు. 1870లో యువకుడైన ష్మిడ్ట్ గారు రాగానే పని అప్పగించి, 1871లో తిరిగి వెళ్లారు. 1873లో ఫిలడెల్ఫియాలో ప్రభువునందు నిద్రించారు. కుర్చీ పట్టుకొని కూర్చోలేదు. నేడు కమిటీ పదవుల కోసము సంఘములు చీలిపోతున్న కాలములో ఈ సంగతి మనకు చురుక్కుమనాలి.

కాబట్టి ఈ ఏడు మేము కోరేది రెండే. ఒకటి, ప్రతి కుటుంబము తమ ఇంటిలో మొదట బాప్తిస్మము పొందిన వారి పేరు, ఊరు పెద్దలనడిగి రాసి తీసుకురండి. సంఘములో ఒక పుస్తకము పెట్టి, ఆరాధనలో ఆ పేర్లు చదువుదాము. ఆలస్యము చేయవద్దు, చెప్పగల ముసలివారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. రెండు, పెద్ద పెద్ద ఫ్లెక్సీలకు పెట్టే డబ్బుతో, డాక్టరు అందుబాటులో లేని ఒక పల్లెలో బీపీ, షుగరు పరీక్షలు చేయిద్దాము. వైద్యము నేర్చుకొని మన పల్లెలకు వచ్చిన వ్యక్తికి అంతకంటే తగిన దండ ఏముంది?

విత్తినవాడు ఒకడు, నీరు పోసినవాడు మరొకడు. వృద్ధి కలుగజేసిన దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.