చప్పట్లకీ బిల్లేనా?

మ్యాట్నీ వదిలారు. ఆకలి దంచేస్తోంది. హోటల్లో దూరారు. మీకు కావలసిందేమిటి? తుడిచిన బల్ల, అడక్కుండా మంచినీళ్ళు, రెండోసారి సాంబారడిగితే మొహం చిట్లించని సర్వరు, తేడా వస్తే కౌంటరు దిగొచ్చే మేనేజరు. అంతేగా! అవుంటే టిప్పు మనమే సంతోషంగా ఇస్తాం.

కొన్నిచోట్ల ఇవేవీ ఉండవుగానీ, బిల్లు అడుగున 'సర్వీస్ ఛార్జి' మాత్రం ఠంచనుగా ఉంటుంది! మనల్నడక్కుండా దాన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న చెప్పింది. అది సబబేనని 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టూ తేల్చింది.

తీసెయ్యమనండి. మొరాయిస్తే 1915కి ఫోన్ కొట్టండి. ఆ డబ్బేదో బాగా చూసుకున్న సర్వరు చేతిలోనే పెట్టండి.

సినిమా నచ్చితే చప్పట్లు కొడతాం. వాటి ఖరీదు ముందే టిక్కెట్లో కలిపేస్తే ఊరుకుంటామా?